రేపల్లె మేడం గారికి చదివి వినిపించడం

బాపట్ల నుంచి ఒక నర్సు ఫోన్ చేసింది. మా పనిలో భాగంగా తరచూ మాట్లాడే మనిషే. ఆ రోజు మాత్రం పని కోసం కాదు.

"మేడం గారు పోయారంట కదండీ," అంది.

అవునన్నాను. రేపల్లెలో, వాళ్ల ఇంట్లోనే, నిద్రలో పోయారని చెప్పాను. అటు నుంచి ముక్కు చీదుకుని, "ఒకటడుగుతాను, ఏమనుకోకండి. మనిషి ఎలా ఉండేవారండీ?" అంది.

ఆ నర్సు ఆవిడతో ఫోన్లో ఎంతో మాట్లాడింది. ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది.

"పొడుగ్గా ఉండేవారండి. నేత చీరలు కట్టుకునేవారు. చీర కింద కాన్వాసు బూట్లు."

"బూట్లా?" ఏడుపులోనే నవ్వింది.

"బూట్లేనండి. రోజూ రైలెక్కి దిగే దాన్ని, చెప్పుల్లో కాలు నిలవదు అనేవారు."

ఫోన్ పెట్టేశాక, అడిగిన దానికి నేను జవాబే చెప్పలేదనిపించింది. మనిషి ఎలా ఉండేవారంటే చీర, బూట్లు కాదు కదా. అందుకే ఇది రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఆవిడకి అది ఇష్టం ఉండదు. మాకందరికీ ఆవిడ రేపల్లె మేడం గారు, అంతే.

మాది తెనాలిలో ఒక మందుల షాపు మీద మేడగదిలో నడిచే చిన్న సంస్థ. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఉన్న కొన్ని చిన్న ఆసుపత్రులు కలిసి పెట్టుకున్న ఏర్పాటు అది. పాము కరిచిన మనిషిని ఎక్కడికి తీసుకెళ్తే విరుగుడు మందు దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో ఎన్ని సీసాలున్నాయో ఆసుపత్రులకీ అంబులెన్సులకీ ఒకే తెర మీద కనిపించేలా చెయ్యడం మా పని. ఈ ప్రాంతంలో నాట్లూ కోతలూ వచ్చాయంటే పాము కాట్లు వస్తూనే ఉంటాయి. ఆ మందు అన్నిచోట్లా అన్నివేళలా ఉండదు. లేని చోటికి వెళ్లి, అక్కణ్ణుంచి ఉన్న చోటికి పరిగెత్తేలోపే మనిషి చేజారిపోవచ్చు.

ప్రోగ్రాములు రాసేది నేనూ రఫీ. రఫీది తెనాలే, వాళ్ల నాన్నకి కుట్టు మిషన్లు బాగుచేసే షాపు ఉంది. నెట్‌వర్క్ సంగతులు మా ఇద్దరికీ అంతంతమాత్రం. అందుకని ఈ ఏర్పాటు మొదలుపెట్టిన డాక్టరు గారు ఆవిణ్ణి తీసుకొచ్చారు. చాలాకాలం ఒక పెద్ద టెలిఫోన్ సంస్థలో నెట్‌వర్కులు నడిపిన మనిషి అనీ, చూపు తగ్గడం మొదలయ్యాక సొంతూరు వచ్చేశారనీ చెప్పారు. అంతకు మించి ఆవిడ జీవితం గురించి మాకు తెలిసింది తక్కువ. మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మొదటి రోజు నేనే స్టేషన్‌కి వెళ్లాను. రేపల్లె ప్యాసింజరు దిగి, జనం తగ్గేదాకా ఒక స్తంభం పక్కన నిలబడ్డారు. తల కొంచెం ఎడమకి తిప్పి చూస్తున్నారు. గ్లాకోమా. ఎదురుగా చిన్న గుండ్రం మేర మాత్రం మసక మసగ్గా కనిపించేదట, చుట్టూ మిగతాదంతా పోయింది. నేను చెయ్యి పట్టుకోబోయాను.

"మీరు నన్ను పట్టుకుంటే ఇద్దరం పడతామండి. మీ మోచెయ్యి ఇవ్వండి, నేను మిమ్మల్ని పట్టుకుంటాను," అన్నారు.

నాకంటే చాలా పెద్దావిడ. అయినా చివరిదాకా నన్నూ రఫీనీ మీరు అనే పిలిచారు.

ఆఫీసులో కూర్చోగానే సంచిలోంచి స్టీలు ఫ్లాస్కు తీసి బల్ల కుడి మూలన పెట్టారు. అది అక్కణ్ణుంచి కదపకూడదని ఆ రోజే మాకు తెలిసింది. తర్వాత, "చెప్పండి, తెర మీద ఏముంది?" అన్నారు.

"ఏదో ఎర్రర్ మేడం. కనెక్షన్ కుదరట్లేదంటోంది."

"అది మీ అభిప్రాయమండి. అక్కడేం రాసుందో చదవండి."

చదివాను. మధ్యలో ఒక ముక్క అనవసరం అనిపించి దాటేశాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. "ఒక మాట మింగారు," అన్నారు. ఎలా తెలిసిందో! ఆ వాక్యం ఎక్కడ తెగిందో వింటే తెలుస్తుందట. నేను మింగిన మాటే ఆ రోజు తప్పు ఎక్కడుందో చెప్పిన మాట.

"కళ్లున్నవాళ్లు చదవరండి. చూసేసి వదిలేస్తారు," అని నవ్వారు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. తనకి కూడా ఆ జబ్బు ఉండేదనీ, చూపు పోవడం మొదలయ్యాకే తగ్గిందనీ అన్నారు.

ఆవిడ మా కీబోర్డులు ఎప్పుడూ ముట్టుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలి వినేవారు. మేం చదివిన ప్రతి వరసా ఆవిడ తలలో ఎక్కడో తన చోటికి వెళ్లి కూర్చునేది. వారం తర్వాత, "ఆ మూడో సెట్టింగు ఇంకా అలాగే ఉందా?" అని అడిగేవారు. మేం వెతికి చూస్తే అలాగే ఉండేది. ఆలోచించేటప్పుడు సన్నగా ఈల వేసేవారు. కింద మందుల షాపువాళ్లు మొదట్లో మేం పైన కుక్కరు పెట్టుకున్నామనుకున్నారు. ఈల ఆగిందంటే ఏదో దొరికిందని మాకు గుర్తు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర రఫీ ఆవిడ పళ్లెం సర్ది, "పచ్చడి మూడు గంటల దగ్గర, కూర తొమ్మిది దగ్గర మేడం," అని గడియారం లెక్కన చెప్పేవాడు. ఒకరోజు వాడు మతిమరుపుతో రెండూ తారుమారు చేశాడు. ఆవిడ గోంగూర పచ్చడి కూరనుకుని ఇంత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తాగి, తేరుకుని, "రఫీ గారూ, మీ గడియారం ఆరు గంటలు తేడాగా నడుస్తోందండి," అన్నారు. వాడు ఆ తర్వాత ఎప్పుడూ తప్పలేదు.

ఒకసారి సాయంత్రం ఆవిడతో పాటు రేపల్లె దాకా వెళ్లాల్సి వచ్చింది. వేమూరు దాటాక కిటికీలోంచి ఏం కనిపిస్తోందని అడిగారు. పొలాలు మేడం, చాలా బాగుంది అన్నాను. బాగుందో లేదో తర్వాత, నాట్లు ఎంతవరకు పడ్డాయో చెప్పమన్నారు. పట్టాలకి ఇటువైపు పడ్డాయి, అటువైపు ఇంకా దమ్ము చేస్తున్నారు, ఆడవాళ్లు వంగి వరసలో ఉన్నారు అని చెప్పాను.

"కాళ్లకి ఏమన్నా వేసుకున్నారా?"

చూశాను. ఏమీ లేవు. మోకాళ్ల దాకా బురద.

"అయితే ఈ వారంలో మనకి పని పెరుగుతుంది," అన్నారు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న పొలాలే అవి. వాటిలో ఆడవాళ్ల ఒట్టి కాళ్లు నేను అంతకు ముందు చూసిన గుర్తు లేదు.

ఇక ఆ రోజు సంగతి చెప్పాలి.

మా ప్రోగ్రాము మొదట్లో ఆఫీసు మూలనున్న కంప్యూటర్లో నడిచేది. కరెంటు పోతే అదీ పోయేది. అందుకని క్లౌడ్‌కి మార్చాం, అంటే ఎక్కడో ఉన్న పెద్ద సంస్థ కంప్యూటర్లలో అద్దెకి పెట్టాం. ప్రోగ్రామునీ దానికి కావలసిన సరంజామానీ ఒక పెట్టెలో సర్దినట్టు సర్ది పంపిస్తాం. దాన్ని కంటైనర్ అంటారు. ఒక కంటైనర్ మొరాయిస్తే క్లౌడ్ దాన్ని తీసేసి, నిమిషాల్లో అచ్చం అలాంటిదే ఇంకోటి నిలబెడుతుంది. సుఖమైన ఏర్పాటే. కాకపోతే కొత్తగా నిలబడ్డ ప్రతిసారీ దానికి కొత్త నంబరు వస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరినైనా గుర్తుపట్టేది ఆ నంబరుతోనే, ఐపీ అడ్రస్ అంటాం.

సీసాల లెక్క అసలు ఉండేది మా దగ్గర కాదు. ఆసుపత్రులకి మందు సరఫరా చేసే సంస్థ సర్వర్లో ఉండేది. సీసా వాడినప్పుడల్లా ఆసుపత్రివాళ్లు రోగి పేరూ ఊరూ రాసి అందులోనే ఎక్కించేవారు. మా ప్రోగ్రాము కాసేపటికోసారి వెళ్లి ఆ లెక్క అడిగి తెచ్చుకోవాలి. ఎవరు పడితే వాళ్లు రాకుండా, ముందుగా రాయించుకున్న నంబరు నుంచి వస్తేనే వాళ్లు లోపలికి రానిస్తారు. మా నంబరు మారినప్పుడల్లా తలుపు మూసుకునేది. మేం ఫోన్ చేస్తే అక్కడి ఇంజినీరు కొత్త నంబరు చేర్చేవాడు. మళ్లీ కంటైనర్ మారేది, మళ్లీ మూసుకునేది.

ఈ గోల భరించలేక ఎప్పటికీ మారని నంబరు ఒకటి తీసుకున్నాం. స్టాటిక్ ఐపీ అంటే అదే. దాన్ని మా ప్రోగ్రాముకి తగిలించి, సరఫరా సంస్థకి రాయించి, పాత నంబర్లన్నీ తీసేయించాం. ఆఫీసు నుంచి ఆ నంబరు కొట్టి చూస్తే మా ప్రోగ్రాము చక్కగా పలికింది. సంతోషంతో రఫీ పకోడీలు తెప్పించాడు. తెల్లారేసరికి లెక్క రావడం పూర్తిగా ఆగిపోయింది.

మేడం గారు పొద్దున బండికి వచ్చారు. బయట ముసురు. చీర అంచు తడిసిపోయింది. రఫీ జరిగింది చెప్పాడు. ఆవిడ నంబరు గురించి ఏమీ అడగలేదు.

"లెక్క ఆగింది సరే. ఆసుపత్రులవాళ్లకి ఇప్పుడు తెర మీద ఏం కనిపిస్తోంది?"

"నిన్నటి అంకెలు మేడం. చివరిసారి వచ్చినవి అలాగే ఉంటాయి."

"అవి నిన్నటివని తెలుస్తోందా వాళ్లకి?"

రఫీ నా వైపు చూశాడు. "లేదు మేడం. మామూలుగానే ఉంటాయి."

ఆవిడ గొంతు పెరగడం నేను విన్నది ఆ ఒక్కసారే. "అంటే తెలియకపోయినా తెలిసినట్టు చెబుతోందన్నమాట! తీసెయ్యండి. ముందు ఆ అంకెలన్నీ తీసెయ్యండి."

"తెర ఖాళీగా ఉంటుంది మేడం. ఆసుపత్రులవాళ్లు గొడవ చేస్తారు," అన్నాను.

"చెయ్యనివ్వండి. ఖాళీ చూస్తే ఫోన్ చేస్తారు. అంకె చూస్తే నమ్ముతారు."

తీసేశాం. ప్రతి ఆసుపత్రి పక్కనా తెలియదు, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని పెట్టాం. ఆ నంబరు మేడం గారిదే. ఆ తర్వాత ఆవిడ ఒక్కొక్క ఆసుపత్రికీ తనే ఫోన్ చేసి, ఫ్రిజ్ తెరిచి సీసాలు లెక్కపెట్టి చెప్పమని అడిగారు. బాపట్ల నర్సు ఆవిడ గొంతు మొదటిసారి విన్నది అప్పుడే. ఏ అంకే కాగితం మీద పెట్టలేదు. కాగితం ఆవిడకి ఎందుకూ పనికిరాదు. అన్నీ తలలోనే.

ఫోన్ల మధ్యలో మా వైపు తిరిగి, "ఇప్పుడు చెప్పండి. ఇందులో ఎవరు ఎవర్ని అడుగుతున్నారు?" అన్నారు.

"మనం సరఫరా వాళ్లని అడుగుతున్నాం మేడం."

"మరి నిన్న ఆ స్టాటిక్ నంబరు పరీక్ష చేసినప్పుడు ఎవరు ఎవర్ని అడిగారు?"

"ఇక్కణ్ణుంచి నేను... మన ప్రోగ్రాముని అడిగాను."

ఈల ఆగింది.

"మీరు లోపలికొచ్చే గుమ్మానికి నంబరు తగిలించారు. బయటికెళ్లేటప్పుడు అది ఏ గుమ్మంలోంచి వెళ్తోందో చూశారా?"

చూడలేదు. సరఫరా సంస్థ ఇంజినీరుకి ఫోన్ కలిపాం. "మీ నంబరు నుంచి ఏమీ రావట్లేదండి," అన్నాడతను. "మా నంబరు సంగతి వదిలెయ్యండి బాబూ. పొద్దుటి నుంచి మీ తలుపు కొట్టి వెనక్కెళ్లిన నంబర్లు చదవండి," అన్నారు మేడం గారు. అతను చదివాడు. వాటిలో ఒకటి మా కంటైనర్ తాత్కాలిక నంబరు. రాయించిన నంబరు ఒకటి, వెళ్లి నిలబడుతున్న నంబరు ఇంకొకటి.

అతను మంచివాడు. "కావాలంటే ఈ రోజుకి గేటు అందరికీ తెరిచేస్తానండి," అన్నాడు.

"వద్దండి. అందులో రోగుల పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. ఒకసారి తెరిస్తే మళ్లీ మూయాలని ఎవరికీ గుర్తుండదు. అంతవరకు నేనున్నాను కదా, ఫోనుంది."

ఏం చెయ్యాలో ఆవిడే చెప్పారు. కంటైనర్లకి సొంత నంబర్లు ఉండకూడదు. వాటిని లోపలి గదిలో పెట్టాలి. అక్కణ్ణుంచి బయటికి వెళ్లే దారి ఒకటే ఉండాలి, ఆ దారి చివర మారని నంబరు తగిలించాలి. లోపల ఎన్ని కంటైనర్లు పుట్టినా పోయినా బయటివాళ్లకి కనిపించేది ఆ ఒక్క నంబరే. ఆ దారిని నాట్ గేట్‌వే అంటారు. "బయట నాట్లు, ఇక్కడ నాట్," అన్నాడు రఫీ. ఆవిడ నవ్వలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

అంబులెన్సు డ్రైవరు. కొల్లూరుకీ రేపల్లెకీ మధ్య ఒక ఊళ్లో, నాట్లేస్తున్న మనిషిని తాచు కరిచింది. పేరు కోటమ్మ. బండిలో ఎక్కించుకున్నాడు. దగ్గర్లో మా ఆసుపత్రి ఒకటుంది, అటే వెళ్తున్నాడు. తన ఫోన్లో అంకె బదులు తెలియదు అని కనిపించి ఫోన్ చేశాడు.

"అటు వెళ్లకండి," అన్నారు మేడం గారు. "అక్కడున్న సీసాలు పొద్దున ఇంకో మనిషికి వాడేశారు. తెనాలి రండి."

డ్రైవరు గట్టిగా అన్న మాట మాకూ వినపడింది. "తెనాలా! చాలా దూరమండి మేడం గారూ, ఇదైతే ఇక్కడే. నిన్న కూడా చూశానండి, ఉన్నాయి అక్కడ."

"నిన్న ఉన్నాయి నాయనా. ఇప్పుడు లేవు. నేను ఇందాకే అడిగాను. నా మాట నమ్మి బండి తిప్పండి."

అవతల హారను, బండి తిరిగిన చప్పుడు. నిన్నటి అంకె ఇంకా తెర మీద ఉండి ఉంటే అతను ఫోన్ చేసేవాడే కాదు.

మేడం గారు ఫోన్ చెవి దగ్గర నుంచి తియ్యకుండా మాతో, "ఒకళ్లు చదవండి, ఒకళ్లు వినండి. నేను ఈ పని చూసుకుంటాను," అన్నారు. తర్వాత మా వైపు తిరగలేదు.

"వెనకాల ఎవరున్నారు? మొగుడా? ఆయనకివ్వండి. ఏమయ్యా, కాలికి తాడు కట్టారా? విప్పండి. విప్పెయ్యండి, నేను చెబుతున్నాగా. మెట్టెలు, పట్టీలు తీసెయ్యండి, వాచిపోతే తర్వాత రావు. కాలు కదపనివ్వొద్దు. ఏమీ కొయ్యొద్దు. కళ్లు తెరుచుకుని ఉన్నాయా? రెప్పలు వాలుతున్నాయా? ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టండి. కోటమ్మ గారూ, వినపడుతోందా అమ్మా?"

డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ఒక్కటీ వదలకుండా చెప్పారు.

ఇటు మా పని మొరాయించింది. కంటైనర్లని లోపలి గదికి మార్చాం, బయటికి దారి పెట్టాం, నంబరు తగిలించాం. అయినా లెక్క రాలేదు. అడుగుదామంటే ఆవిడ ఫోన్లో ఉన్నారు. నేను కళ్లు మూసుకుని, "చదవరా," అన్నాను. రఫీ సెట్టింగులు వరసగా చదివాడు. ఆవిడ అడిగినట్టే అడిగాను, ఏదీ మింగొద్దన్నాను. వాడు అక్షరం అక్షరం చదువుతుంటే ఒకచోట నా చెవికి తేడా తగిలింది. దారులు రాసుండే పట్టికలు రెండున్నాయి. పేర్లు దాదాపు ఒకటే, చివరి అక్షరం ఒక్కటే తేడా. కొత్త దారి రాసింది ఒకదాంట్లో. లోపలి గదికి తగిలించి ఉన్నది రెండోది.

"ఆ పేరు మళ్లీ చదువు," అన్నాను. చదివాడు. ఇద్దరం ఒకేసారి పట్టుకున్నాం. మార్చాం. లెక్క వచ్చి పడింది.

అరుద్దామనుకున్నాం. అటు చూసి నోళ్లు మూసుకున్నాం. మేడం గారు కళ్లు మూసుకుని కూర్చున్నారు. "మాట్లాడుతూ ఉండండి కోటమ్మ గారూ. ఈ రోజు ఎవరి పొలంలో దిగారు? ఎంతమంది దిగారు? వాళ్ల పేర్లు చెప్పండి నాకు," అంటున్నారు. అవతల నుంచి ముద్ద ముద్దగా ఒక్కో పేరు వస్తోంది. పేరుకీ పేరుకీ మధ్య ఎడం పెరుగుతోంది. ఆవిడ ప్రతి పేరునీ తిరిగి అంటున్నారు. ఆ మనుషులందరూ తనకి బాగా తెలిసినట్టు అంటున్నారు. ఒక చోట జవాబు రాలేదు. "ఆదెమ్మ తర్వాత ఎవరమ్మా? కోటమ్మ గారూ, ఆదెమ్మ పక్కన ఎవరున్నారు?" అని అడుగుతూనే ఉన్నారు. రఫీ లేచి గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

చివరికి డ్రైవరు గొంతు వినపడింది. "వచ్చేశామండి. లోపలికి తీసుకెళ్లారండి."

ఆవిడ ఫోన్ కింద పెట్టారు. చెయ్యి ఫ్లాస్కు కోసం వెళ్లి, దొరక్క రెండుసార్లు బల్ల తడిమింది. ఫ్లాస్కు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. నేను అందించాను.

"మీ సంగతేంటి?" అన్నారు, మామూలు గొంతుతో.

"వచ్చింది మేడం, లెక్క."

"చదవండి."

ఒక్కో ఆసుపత్రీ చదివాను. తన తలలో ఉన్న అంకెలతో సరిచూసుకుంటూ తల ఊపారు. తెనాలి ఆసుపత్రి దగ్గర ఆగమన్నారు. "అది అలాగే చూస్తూ ఉండండి," అన్నారు.

చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆ అంకె తగ్గింది. ఇంకాసేపటికి ఇంకా తగ్గింది. తగ్గిన ప్రతిసారీ చదివాను. ఆ మందు కోటమ్మ ఒంట్లోకి వెళ్తోంది. మా తెర మీద అంకె మారడం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. మేడం గారు అప్పుడు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇప్పుడు ఆ కంటైనర్ని మీరే ఆపండి," అన్నారు.

"ఎందుకు మేడం? ఇప్పుడే కదా బాగైంది!"

"అది తనంతట తను ఆగినప్పుడు చూద్దామంటే, అప్పుడు బండిలో ఎవరుంటారో మనకి తెలియదు. ఇప్పుడు ఎవరూ లేరు. ఆపి చూడండి."

ఆపాం. కొత్తది నిలబడింది. సరఫరా ఇంజినీరు తన దగ్గరికి వచ్చిన నంబరు చదివాడు. అదే నంబరు. మళ్లీ ఆపాం, మళ్లీ అదే నంబరు. సాయంత్రం బండికి ఆవిడ వెళ్లిపోయారు.

వానలు తెరిపిచ్చాక ఒక రోజు, మొగుడితో కలిసి కోటమ్మ మా మెట్లెక్కి వచ్చింది. సన్నగా, నల్లగా, మా వయసు మనిషే. గుమ్మంలో నిలబడి, "ఫోన్లో మాట్లాడిన డాక్టరమ్మ గారు ఈడ ఉంటారంట కదండీ?" అంది.

మేడం గారు గొంతు వినగానే లేచారు. "కోటమ్మ గారేనా?"

"నేనేనండి! డాక్టరమ్మ గారు మీరేనా?"

"నేను డాక్టర్ని కాదమ్మా. ఈ కంప్యూటర్లకి దారులు సరిచేస్తుంటాను."

కోటమ్మకి అర్థం కాలేదు. మేడం గారు కూర్చోబెట్టి చెప్పారు. మందు లెక్క ఉన్న చోటికి ఊరికే ఎవర్నీ రానివ్వరు, తెలిసినవాళ్లని గుర్తుపడితేనే రానిస్తారు, మా మిషను వెళ్లినప్పుడల్లా కొత్త మొహంతో వెళ్తోంది, అందుకని వెనక్కి పంపించేస్తున్నారు అని.

"మా మేస్త్రి కూడా అంతేనండి," అంది కోటమ్మ. "రోజూ వచ్చే ముఠా అయితేనే చేలో దింపుతాడు. కొత్త మొహం కనపడితే గట్టు మీదే కూకోబెడతాడు."

మేడం గారు పగలబడి నవ్వారు. "అంతేనమ్మా. సరిగ్గా అంతే." తర్వాత నవ్వు ఆపి, "ఎక్కడ కరిచింది?" అని అడిగారు.

"కుడి కాలండి. చీలమండ కింద."

"చూడొచ్చా?"

కోటమ్మ ఆవిడ కళ్లలోకి చూసింది. నా వైపు చూసింది. చీర కొంచెం పైకి లాగి కాలు ముందుకి చాపింది. మేడం గారు కుర్చీలోంచి దిగి గచ్చు మీద కూర్చున్నారు. చేత్తో వెతుక్కుంటూ కాలు పట్టుకున్నారు. కోటమ్మ ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది.

"అయ్యయ్యో, మీరు నా కాలు ముట్టుకోడమేంటండీ!"

"నేను చూడ్డం ఇలాగేనమ్మా. ఇటివ్వండి."

కోటమ్మ కాసేపు తటపటాయించి, మళ్లీ కాలు ఇచ్చింది. ఆవిడ వేళ్లు పగిలిన మడమ మీదుగా, వేళ్ల సందుల్లోంచి మెల్లగా వెళ్లాయి. చీలమండ కింద ఒకచోట కండ తగ్గి చర్మం గట్టిపడి ఉంది. అక్కడ ఆగాయి.

"నొప్పుందా?"

"ముసురు పడితే లాగుద్దండి."

"మళ్లీ దిగుతున్నారా నాట్లకి?"

"దిగకపోతే ఎట్టాగండి?"

ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మేడం గారు, ఆ మచ్చ మీద వేళ్లుంచి అలా కూర్చుండిపోయారు. కోటమ్మ కుర్చీలోంచి జారి తనూ కింద కూర్చుంది. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.